దాతతో సంబంధం

కిల్లీబెగ్స్ రేవులో వాన నిలువుగా పడదు,
అడ్డంగా వచ్చి తలుపు తడుతుంది.
కింద వలలు కుట్టే షెడ్డు.
మేడమీద మేం,
ఊళ్ళోవాళ్ళ లెక్కలకు మాట్లు వేసుకుంటూ.

అక్టోబరు నెలాఖరు.
ఫెర్గల్ వచ్చాడు, డీజిల్ వాసనతో సహా.
పడవ ఇంజన్లు విప్పే చేతులు
బ్యాంకు కాగితాన్ని అంచుల్లో మాత్రం పట్టుకున్నాయి.

ఆస్ట్రేలియా నుంచి, ఫ్రీమాంటిల్ నుంచి,
డెబ్భై వేల యూరోలు.
పంపినావిడ బ్రీజ్. "ఆంట్" అన్నాడు.
మార్చి గాలికి ఇతని వర్క్‌షాపు కప్పు ఎగిరిపోయిందని విని
అక్కడ ఇల్లమ్మేసి ఒంటి గది ఫ్లాటుకి మారిందట.
అప్పు కాదు, కానుక.
"డబ్బు ఆవిడది, దేశం ఆవిడది,
ఇక్కడివాళ్ళకి నేనెందుకు చెప్పుకోవాలి?"

చెప్పుకోవాలి ఫెర్గల్.
ఈ పన్ను ఇచ్చిన చేతిని వదిలేసి
పుచ్చుకున్న చేతిని పట్టుకుంటుంది.
ఏడాదికి మూడు వేలు, ఎవరిచ్చినా, అడగరు.
ఆపైన ఫారంలో ఒక గడి:
దాతతో సంబంధం.
అమ్మో నాన్నో అయితే నాలుగు లక్షల దాకా ఊరుకుంటారు.
ఆంట్ అయితే నలభై వేలు.
మిగిలినదాన్లో నూటికి ముప్ఫైమూడు.

ఎనిమిది వేల తొమ్మిది వందల పది, అన్నాను,
చిల్లర లేకుండా తేలినందుకు కాస్త సంబరపడి.

అతను కిటికీ కేసి చూస్తూ,
"అమ్మ పోయాక నన్ను పెంచింది బ్రీజే" అన్నాడు,
వాతావరణం సంగతి చెప్పినట్టు.

మా భాషలో ఆవిణ్ణి చిన్నమ్మ అంటాం
అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.
చెబితే ఆ మాట విప్పి చూపించాలి,
లోపల కూర్చున్న అమ్మని బయటికి పిలవాలి.
గడి చాలా చిన్నది.

అయినా చట్టంలో ఒక మూల ఒక వాక్యం ఉంది:
పద్దెనిమిది నిండేలోపు అన్నీ కలిపి అయిదేళ్ళు
తన దగ్గర ఉంచుకుని తన ఖర్చుతో పెంచినావిడ ఇస్తే
బిడ్డకిచ్చిన లెక్కే.
అయితే ఒక్క సాక్షి చాలడు.

బ్రీజ్‌కి ఫోన్ చేశాం. స్పీకర్లో పెట్టాం.
"ఖర్చా? వాడి బూట్లకెంతయిందో రాసిపెట్టుకున్నాననుకున్నారా?
ఆ పన్నేదో కట్టేసి కప్పు వేయించుకోమనండి."
పెట్టేసింది.

ఎనిమిదో ఏటి నుంచి,
తండ్రి ఓడ పని మానుకుని ఇంటికొచ్చేదాకా
నాలుగేళ్ళ ఏడు నెలలు.
వేళ్ళమీద, కాలిక్యులేటర్‌మీద, మళ్ళీ వేళ్ళమీద.
అయిదు నెలలు తక్కువ.

మొదటి సాక్షి, బడిలో చదువు చెప్పిన మిస్ మెకాల్గన్.
ఎనభైయేడేళ్ళావిడ, హాజరు పట్టీ చదివినట్టు
ఆ నాలుగేళ్ళ ఏడు నెలలే చెప్పింది.
పట్టీలో లేనిది ఆవిడకి తెలీదు.

రెండోవాడు కాన్ గిలెస్పీ, రిటైరైన బస్సు డ్రైవరు.
టీలో మూడు చెంచాల పంచదార వేసుకుని
"అంతకుముందు చలికాలం సంగతో మరి?" అన్నాడు.
ఏ చలికాలం?
"నీకు నాలుగేళ్ళు. మీ అమ్మ ఆసుపత్రిలో.
హాలోవీన్ నుంచి ఈస్టర్ వెళ్ళేదాకా
నువ్వు బ్రీజ్ దగ్గరే. ఆదివారం ఆదివారం
కోటు లోపల చుట్టుకుని నిన్ను బస్సెక్కించేది,
అమ్మని చూపించడానికి.
నీకు టిక్కెట్టు కొంటానని రోజూ పోట్లాటే నాతో."

నేను రాసుకున్నాను: అయిదు నెలల పైచిలుకు.
సరిపోయింది, అన్నాను.
ఎవరూ వినలేదు.

ఫెర్గల్ అడిగింది నెలల గురించి కాదు.
"ఏ రంగు కోటు?"
కాన్ చాలాసేపు ఆలోచించాడు. పంచదార కలిపాడు.
గుర్తులేదన్నాడు.

ముప్ఫైయొకటో తారీఖున ఫారం పంపాం.
ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలీదు.
ఆ సాయంత్రం మాత్రం అతను
సంతకం సగంలో పెన్ను వదిలేసి లేచాడు.
అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, అన్నాను.
మెట్లమీద నుంచే నంబరు నొక్కుతున్నాడు.